వంతెన మీద దిగుడు లేదు

ఆ చలికాలం సంగతి ఎవరడిగినా నేను ముందు నా సైకిల్ గోదావరి దాటిన ముచ్చటే చెబుతాను. దీపావళికి మహాదేవపూర్‌లో మా పుట్టింటికి పోయి తిరిగి వచ్చేటప్పుడు నాన్న దాన్ని కాళేశ్వరం దాకా జీపు మీద కట్టి తెచ్చి పడవలో పెట్టించాడు. మంచిర్యాలలో డిగ్రీ చదివిన రోజుల్లో తొక్కిన సైకిల్ అది. పడవలో జనమంతా ఇరుక్కుని నిలబడితే నా సైకిల్ మాత్రం దర్జాగా పడుకుంది. దాని హ్యాండిల్ పట్టుకుని నేను, నా భుజం పట్టుకుని మా ఆయన సంజీవ్.

"నాకంటె దాన్నే గట్టిగ పట్టుకున్నవ్," అన్నాడు.

"నువ్వు పడితే ఈదుకుంట వస్తవ్. అది రాదు గదా," అన్నాను.

పడవవాడు గెడ వేయడం ఆపి మరీ నవ్వాడు. అవతల మహారాష్ట్రలో సిరొంచ ఒడ్డున ఇసుకలో సైకిల్‌ని ఇద్దరం చెరో పక్క పట్టి నెట్టుకుంటూ వస్తుంటే, ఇంతకంటే పెద్ద ఊరేగింపు ఎవరికి జరిగి ఉంటుందనిపించింది నాకు.

శ్రావణంలో పెళ్ళయింది. అప్పటికింకా నాకు అన్నీ వింతే. సంజీవ్ అన్నం తినేటప్పుడు పప్పంతా ఒక మూలకు నెట్టి దాచుకుని చివర్లో తినడం వింత. మామ గోపాల్‌రావు రేడియోలో మరాఠీ వార్తలు విని, అత్తకు తెలుగులో చెబుతూ సగం సొంతంగా కల్పించడం వింత. అత్త రాజక్క నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది, కోపమొస్తే అదే కొంగును నడుముకు చెక్కేది. కొంగు ఎక్కడుందో చూసి ఆ పూట ఇంట్లో ఎట్లా మసలుకోవాలో తెలుసుకునేదాన్ని.

సిరొంచ నుంచి అంకిస పోయే రోడ్డు మీద చిన్న ఊరు మాది. సంజీవ్ అహేరి దగ్గర నాగేపల్లిలో ఒక రైస్ మిల్లులో మిషన్లు చూసుకునేవాడు. సోమవారం తెల్లారగానే పోయి శనివారం సాయంత్రం వచ్చేవాడు. మధ్యలో సుశీలాబాయి కిరాణా దుకాణంలో ఉన్న కాయిన్ బాక్స్‌కు ఫోన్ చేసేవాడు. నేను పరుగెత్తుకుని పోయి ఎత్తితే, ఏం కూర తిన్నావని ఆయన, నువ్వు ముందు చెప్పమని నేను. సుశీలాబాయి మరాఠామె అయినా మా తెలుగు ఒక్క ముక్క కూడా పోకుండా వినేది. "కూర ముచ్చట శనివారం దాక దాచుకోర్రి తల్లీ, నాకు గిరాకీ ఉన్నది," అనేది.

పండగ సెలవులు అయిపోగానే సిరొంచలో ఒక చిన్న బడి నుంచి కబురొచ్చింది. లెక్కలు చెప్పే టీచరమ్మ పురిటికి పోయింది, వార్షిక పరీక్షల దాకా మీరు వచ్చి చెబుతారా అని. ఆ కబురు విని నేను పెరట్లోకి పోయి, ఎవరూ చూడకుండా రెండు గంతులు వేసి వచ్చాను. చిక్కల్లా ప్రయాణమే. పొద్దున ఎస్టీ బస్సు మా ఊరికి వచ్చేసరికే అక్కడ బడిలో ప్రార్థన అయిపోతుంది. సైకిల్ మీద పోతేనే ఉద్యోగం.

అత్త కొంగు నడుముకు పోయింది. "పెండ్లయి ఏడాది కాకముందే రోడ్డు మీద సైకిలా? మన ఇండ్లల్ల ఏ కోడలన్న తొక్కిందా?"

"ఏ కోడలు తొక్కలే. ఏ కోడలు డిగ్రీ గూడ చదవలే," అన్నాడు మామ. "నువ్వు నెత్తిమీద గంప పెట్టుకొని పోయినవ్, ఆ పిల్ల చక్రాల మీద పోతది. గంతే గదనే."

అత్త ఒక పూటంతా ఆలోచించింది. చివరికి ఒప్పుకుంది కానీ షరతు పెట్టింది. "మన పెద్దోళ్ళు ఎవ్వరెదురైనా సైకిల్ దిగాలె. దిగి, నెత్తిమీద చున్నీ ఏసుకొని, వాళ్ళు దాటేదాక నిలవడాలె. పెద్దోళ్ళ ముంగట సైకిల్ మీద కూసొని పోయిందంటే నా ఇజ్జత్ పోతది."

మా అత్తగారి ఊళ్ళో నడిచిపోయే కోడళ్ళు పెద్దవాళ్ళు ఎదురైతే చెప్పులు విడిచి పక్కకు జరిగి నిలబడతారు. సైకిల్ తొక్కే కోడలు అంతకుముందు ఎవరూ లేరు కాబట్టి ఆ పాత పద్ధతినే అత్త నా సైకిల్‌కు అతికించింది. నేను అన్నిటికీ సరేనన్నాను. ఆ రోజు చెట్టెక్కి దిగమన్నా సరే అనేదాన్నే.

తీరా రోడ్డెక్కాక తెలిసింది, ఆ దారిలో సగం మంది నాకు మామలూ బావలూ అవుతారని! చెరువు గట్టు దగ్గర ఒక చిన్నమామ, దిగు. వరి కోతకు పోతున్న నలుగురిలో ఇద్దరు బావలు, దిగు. చిన్నమామేనా కాదా అని అనుమానమొచ్చిన ముసలాయన, దేనికైనా మంచిది, దిగు. ఒకరోజు భక్తిగా దిగి చున్నీ కప్పుకుని నిలబడితే, ఆయన సైకిల్ ఆపి "క్యా హువా బేటీ, చైన్ పడిపోయిందా?" అని అడిగాడు. ఎవరో బెల్లం వ్యాపారి. నాకు బడి చేరేదాకా నవ్వు ఆగలేదు.

ఆ దారి అంతా నాకు ఇష్టమే. కోసిన వరి వాసన, రోడ్డు మీద ఎండబోసిన వడ్ల పక్కనుంచి సైకిల్ పోతుంటే పిచ్చుకలు ఒక్కసారిగా లేవడం, సిరొంచ మొదట్లో హోటల్ పెనం మీద అటుకుల పోహా చిటపట. ఇష్టం లేనిది ఒక్కటే. వాగు మీద వంతెన.

పాతకాలపు వంతెన అది. ఆ వానాకాలం వాగు పొంగి ఒక పక్క పిట్టగోడను కొట్టుకుపోయింది. ఆ పక్కన ఖాళీ తారు డ్రమ్ములు వరసగా నిలబెట్టి, మధ్యలో రాళ్ళు వేశారు. ముందే ఇరుకు, ఇప్పుడు మిగిలింది ఒక లారీకి చాలినంత, మరో మూరెడు. ఆ మూరెడు చూసే అందరూ మోసపోయేవాళ్ళు. సైకిల్ వాళ్ళు ఆ మూరెడులో మనం పడతామనుకునేవాళ్ళు. లారీవాళ్ళు సైకిల్‌ను దాటి మనం పడతామనుకునేవాళ్ళు. పైగా అది వెదురు సీజన్. అసరల్లి అడవుల నుంచి వెదురు లారీలు, కోతల ధాన్యం ట్రాక్టర్లు, ఇసుక బండ్లు, అన్నీ ఆ ఒక్క వంతెన మీదినుంచే.

ఒక పొద్దున నేను వంతెన సగం పైగా దాటేసరికి వెనక లారీ హారన్ వినిపించింది. అదే సమయానికి అవతలి నుంచి పెద్దమామ కిషన్‌రావు వస్తూ కనిపించాడు. మామకు సొంత అన్న. సైకిల్‌కు రెండు పక్కలా పాల క్యాన్లు కట్టుకుని చీకటితోనే సిరొంచ హోటళ్ళకు పాలు పోసి, నేను పోయే వేళకు తిరిగి వచ్చేవాడు. ఇంట్లో ఆయన మాట అంటే మాటే. అత్త ఆయన ముందు ఏనాడూ కూర్చోలేదు. ఆయన వస్తే లేచి తలుపు చాటుకు పోయేది. ఏదైనా చెప్పాలంటే ఆయన ఎదురుగానే ఉన్నా మామతో చెప్పించేది.

పెద్దమామను చూడగానే అలవాటుగా కాలు దింపేశాను. ఎడమ పక్కకు జరిగి, డ్రమ్ములకు ఆనుకుని, చున్నీ నెత్తిమీదికి లాక్కున్నాను. వెనక లారీవాడు నేను తనకే దారి ఇచ్చాననుకున్నాడు. బర్రున దూసుకొచ్చాడు. లారీ నన్ను దాటింది, నాకేమీ కాలేదు అనుకుని ఊపిరి వదిలాను. వంతెన చివర రోడ్డు కుడికి తిరుగుతుంది. లారీ ముందు భాగం కుడికి తిరగ్గానే వెనక బారెడు బయటికి పొడుచుకొచ్చిన వెదురు కొసలు ఎడమకు కొట్టాయి. హ్యాండిల్ నా చేతిలోంచి గుంజుకుపోయింది. సైకిల్ డ్రమ్ముల మీద పడింది, నేను సైకిల్ మీద పడ్డాను. మోచేయి చీరుకుపోయింది. నా పక్కనున్న డ్రమ్ము ఒకటి దొర్లి కిందికి పోయింది. అది వాగులో పడిన చప్పుడు కొంచెం ఆలస్యంగా వినిపించింది. ఆ ఆలస్యమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

పెద్దమామ పరుగున వచ్చి సైకిల్ లేపాడు. నా మోచేయి చూసి తలగుడ్డ చింపి కట్టాడు. సాయంత్రం మా ఇంటికొచ్చి మామతో ఏమన్నాడో తెలుసా? "లారీ మీదికొస్తున్నా నీ కోడలు నన్ను చూసి దిగింది తమ్మీ. పద్ధతి గల పిల్ల."

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఆ శనివారం సంజీవ్ వచ్చి నా మోచేయి చూశాడు. "ఇడిచిపెడ్తవా?" అని అడిగాడు.

"బడినా? ఎందుకు ఇడిచిపెడ్త? దిగుడు ఇడిచిపెడ్త," అన్నాను. "మంచిర్యాలల రైలు గేటు కాడ గిట్లనే ఇరుకు. బొగ్గు లారీలు. అక్కడ నేనెప్పుడు దిగలే. రేపు ఐతారం, లారీలు తక్కువ. పా, చూపిస్త."

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం వంతెన దగ్గరికి పోయాం. నేను సైకిల్, ఆయన లారీ. వాగు ఒడ్డున దొరికిన పొడుగాటి వెదురు ఒకటి భుజాన పెట్టుకుని, నోటితో హారన్ కొడుతూ నా వెనక ఉరుకుతూ వచ్చాడు.

"ఇప్పుడు నేను ఓరకు పోతున్న. నువ్వేం చేస్తవ్ డ్రైవర్ సాబ్?"

"సందుంది గదా, దూరుత." దూరాడు. వెదురు కొస నా వీపుకు గుచ్చుకుంది.

"మల్ల రా. ఈసారి చూడు." ఈసారి వంతెనకు చాలా ముందే తల తిప్పి వెనక్కి చూశాను. ఆయన కళ్ళల్లోకి చూశాను. కుడిచేయి చాపి నిదానంగా రోడ్డు నడిమికి వచ్చాను. వంతెన పొడవునా నడిమిట్లనే, తూలకుండా, ఒకే తీరుగా తొక్కాను. సంజీవ్ వెనక పీప్ పీప్ అంటూనే ఉన్నాడు కానీ దూరడానికి సందు లేదు. అవతల పడ్డాక ఎడమకు జరిగి చేయి ఊపాను.

"చూసినవా? సందు లేదని దూరంనుంచే తెలిస్తె ఆగుతడు. సగం సందు చూపిస్తెనే దూరుతడు."

"చూసి గూడ ఆగకపోతే?"

"అందుకే గదా వంతెన ఎక్కకముందే చూసుడు. వాని మొఖం చూస్తె తెలుస్తది. ఆగేటట్టు లేకుంటె నేనే ఇవతల మట్టి మీద ఆగుత. వంతెన ఎక్కినంక మాత్రం ఆగుడు లేదు, దిగుడు లేదు."

సంజీవ్ ఆలోచించాడు. "మరి మా పెద్దనాయిన ఎదురైతే?"

"మల్ల ఒక్కసారి లారీ కా," అన్నాను. వడ్ల బస్తాలు వేసుకుని పోతున్న ట్రాక్టర్ వాళ్ళు ఆగి, మొగుడు వెదురు మోస్తూ పెళ్ళాం వెనక పీప్ పీప్ అంటూ ఉరకడం చూసి చప్పట్లు కొట్టారు.

తర్వాత కొన్ని రోజులు నేను నడిమిట్లనే పోయాను. లారీలు హారన్లు మోగించాయి, ఒకడు తల బయటపెట్టి "సైడ్ దేవ్, బహన్‌జీ" అని అరిచాడు. అయినా ఒక్కటీ నా పక్కనుంచి దూరలేదు. అవతలికి పోయి పక్కకు జరిగి చేయి ఊపితే కొందరు నవ్వారు కూడా. పెద్దమామ మాత్రం ఆ రోజుల్లో వంతెన మీద ఎదురుపడలేదు. రోడ్డు మీద కనబడితే దిగుతూనే ఉన్నాను.

ఒకరోజు ఎదురుపడ్డాడు. నేను వంతెన నడుమ, నా వెనక వెదురు లారీ. ఆయన అవతలి కొసన ఆగి, నేను దిగుతానని చూస్తున్నాడు. నేను దిగలేదు. వంతెన దాటి, ఆయన ముందు నుంచి, సీటు మీద కూర్చునే తల వంచి పోయాను. దాటాక ఆగి దిగుదామనుకున్నాను కానీ వెనక లారీ అప్పటికే వంతెన దిగి మీదికి వస్తోంది. తిరిగి చూసేసరికి ఆయన కనబడలేదు.

సాయంత్రం ఇంటికి వస్తే వాకిట్లో పాల క్యాన్ల సైకిల్. లోపల పెద్దమామ గొంతు. "లారీని ఎనుక తిప్పుకొని, రోడ్డంత తనదే అన్నట్టు నడిమిట్ల! నేను నిలవడ్డ, ఆమె కూసొని పోయింది. వెనుక డ్రైవర్ తిట్లు. ఎవరి కోడలని అడగరా పది మంది?"

మామ ఏదో సర్దిచెప్పబోయాడు. ఆయన వినలేదు. "నీ ఇష్టం తమ్మీ. మన ఇంటికి గిది కొత్త," అని లేచి పోయాడు.

ఆయన పోయాక అత్త తలుపు చాటు నుంచి బయటికొచ్చింది. కొంగు ఎక్కడుందో చూడాల్సిన పని కూడా లేకపోయింది. "ఇగ బంద్," అంది. "రేపటినుంచి సైకిల్ బంద్. బడి బంద్."

"అత్తమ్మా, దిగితె ఏమైందో చూసినవ్ గదా. ఇగో మోచేయి."

"అందుకే అంటున్న. దిగితె సస్తవ్, దిగకుంటె పరువు పోతది. రెండు వద్దు, ఇంట్ల ఉండు."

అత్త చెప్పినదాంట్లో తప్పు వెతుకుతున్నా దొరకడం లేదు. పిల్లలకు భిన్నాలు సగంలో ఉన్నాయి. రేపు నేను రానని ఎవరు చెబుతారు అని మాత్రం అడిగాను.

"నేనే చెప్త," అంది అత్త. "రేపు నేనే బడికొచ్చి పెద్ద టీచరుకు దండం పెట్టి, మా పిల్ల రాదమ్మా అని చెప్పొస్త. నువ్వు చెప్తె మెత్తగ చెప్తవ్."

"ఎస్టీల పోతె బడి మొదలైతది అత్తమ్మా. నా క్యారేజీ మీద కూసో."

మామ రేడియో సౌండు తగ్గించి మా ఇద్దరి వంక చూశాడు. అత్త ఏనాడూ సైకిల్ క్యారేజీ ఎక్కి ఎరగదు. ఏమనుకుందో ఏమో, "మెల్లగ తొక్కుతవా?" అని అడిగింది.

పొద్దున బయల్దేరాం. ఊళ్ళో సందుల్లో ఎవరూ చూడకూడదని అత్త నడిచింది. రోడ్డెక్కాక క్యారేజీ మీద ఒక పక్కకు కూర్చుంది. కూర్చోగానే నా నడుము చుట్టూ రెండు చేతులూ బిగించింది. కొంతదూరం "పడ్తా, పడ్తా" అంది. చెరువు గట్టు దాటాక "గాలి మంచిగున్నదే," అంది. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది.

వంతెన కనబడింది. వెనక్కి చూశాను. దూరంగా వెదురు లారీ. తాపీగానే వస్తోంది. డ్రైవర్ నన్ను చూశాడు. కుడిచేయి చాపి నడిమికి వచ్చాను.

"ఓరకు పో, ఓరకు పో," అంది అత్త వెనక నుంచి.

"ఓరకు పోవద్దు అత్తమ్మా. గట్టిగ పట్టుకో."

వంతెన ఎక్కాం. ఇద్దరి బరువుతో పెడల్ భారంగా ఉంది. లారీ వెనకే వచ్చి హారన్ కొట్టింది. సరిగ్గా అప్పుడే అవతలి కొసన పాల క్యాన్లు తళుక్కుమన్నాయి. అత్త నాకంటే ముందే చూసింది.

"అయ్యో, బావ! దింపు, దింపు! బావ వస్తున్నడు!"

"అత్తమ్మా, ఇప్పుడు దిగద్దు. వెనక చూడు."

అత్త తల తిప్పినట్టు తెలిసింది. లారీ ముందు భాగం మా వెనక గోడలా ఉంది. ఎడమ పక్క డ్రమ్ముల మధ్య ఒకటి లేదు. ఆ ఖాళీలోంచి వాగులో రాళ్ళు కనబడుతున్నాయి. ఆ డ్రమ్ము ఎప్పుడు, ఎట్లా పడిందో అత్తకు తెలుసు. నా నడుము మీద చేతులు ఒకసారి బిగుసుకున్నాయి. తర్వాత ఒక చేయి వదిలింది. దిగబోతోందేమోనని భయపడ్డాను. లేదు. ఆ చేతిని వెనక్కి చాపి, అరచెయ్యి అడ్డం పెట్టి లారీకి చూపిస్తోంది. ఆగు అన్నట్టు.

లారీ వేగం తగ్గింది. హారన్ ఆగింది.

మేం వంతెన దాటాం. పెద్దమామ పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన ముందు నుంచి అత్త కూర్చునే పోయింది. దిగలేదు. నెత్తిమీద కొంగు కప్పుకుందో లేదో కూడా నాకు తెలియదు. నేను ముందుకే చూస్తున్నాను.

బడి గేటు దగ్గర అత్త దిగి, చీర సర్దుకుని, కాళ్ళు తిమ్మిరెక్కాయని కాసేపు నిలబడింది. లోపల పిల్లలు వరసలు కడుతున్నారు. నేను సైకిల్ పట్టుకుని, పెద్ద టీచరు గది ఎటో చూపించాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

"పో మరి," అంది అత్త. "గంట కొడ్తున్నరు. నేను బజార్ల ఉల్లిగడ్డలు తీసుకొని ఎస్టీల పోత."

ఆ రోజు భిన్నాలు ఎట్లా చెప్పానో నాకే తెలియదు. పిల్లలకు అర్థమయ్యాయంటే అది వాళ్ళ మంచితనమే.

సాయంత్రం పెద్దమామ వచ్చాడు. వస్తాడని అందరికీ తెలుసు. మామ ముందే రేడియో బంద్ చేసి కూర్చున్నాడు. అత్త తలుపు చాటుకు పోలేదు. గడపలో నిలబడింది. అయినా నేరుగా ఆయనతో కాదు, మామ వైపు తిరిగే మాట్లాడింది.

"బావకు చెప్పు. ఇగ వంతెన మీద దిగుడు లేదు. నేనైనా, కోడలైనా. దిగాలంటె వంతెనకు ఇవతల దిగుతం, అవతల దిగుతం, నూరుసార్లు దిగి మొక్కుతం. నడిమిట్ల దిగుడంటె సచ్చుడు. ఆయన ముంగట సచ్చి పడుడు ఏం మర్యాద?"

ఆయన ఎదురుగానే కూర్చుని అన్నీ విన్నాడు. మామ మర్యాదగా తిరిగి చెప్పబోతే చేయి అడ్డం పెట్టాడు. కాసేపు మంచం పట్టె మీద గోరుతో గీస్తూ ఉండిపోయాడు. తర్వాత నా వైపు చూడకుండానే అడిగాడు.

"లారోడు ఆగకపోతె?"

సంజీవ్‌కు చెప్పిందే ఆయనకూ చెప్పాను. వంతెన ఎక్కకముందే చూడాలని, ఆగేటట్టు లేకుంటే బయటనే ఆగాలని. ఆయన అన్నీ విని, "క్యాన్లుంటె ఎట్ల? ఎడల్పైతది," అన్నాడు.

"క్యాన్లుంటె ఇంకా నడిమిట్లనే పోవాలె పెద్దమామా."

అత్త లోపలికి పోయి చాయ్ పెట్టింది.

సంజీవ్ శనివారం వచ్చి, వాళ్ళమ్మ క్యారేజీ ఎక్కిన కథ మామ నోట విని పొట్ట పట్టుకుని నవ్వాడు. మామ వార్తల్లో కల్పించినట్టే ఇందులోనూ కల్పించి, అత్త లారీ డ్రైవర్‌ను తిట్టిన తిట్లన్నీ సొంతంగా చేర్చాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఒక్క తిట్టునూ కాదనలేదు.

కోతలు అయిపోవచ్చాయి. ఒకరోజు పెద్దమామ బర్రె ఈనడంతో పాలకు ఆలస్యమైంది. నేను బడికి పోతుంటే ఆయన వంతెనకు ఇవతల, మట్టి మీద, సైకిల్ ఆనించుకుని నిలబడి ఉన్నాడు. రెండు పక్కలా నిండు క్యాన్లు. లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఆయన ప్రతిదానికీ జరిగి దారి ఇస్తున్నాడు. ఎప్పటినుంచి నిలబడ్డాడో, ఎండ క్యాన్ల మీదికి వచ్చేసింది. చీకటితోనే బయల్దేరే మనిషి ఎందుకు చీకటితోనే బయల్దేరుతాడో నాకు అప్పుడు అర్థమైంది. లారీలు లేవకముందే వంతెన దాటాలని.

నేను దిగి నిలబడ్డాను. ఇక్కడ దిగడానికి ఏ అడ్డమూ లేదు. "పెద్దమామా, మీరు ముంగట నడువుండ్రి. నేను వెనకొస్త."

"నువ్వే ముంగట పో."

"పెద్దోళ్ళు మీరుండంగ నేనెట్ల ముంగట పోత?"

"లారీ ఎటు దిక్కునుంచి వస్తది?"

"వెనకనుంచి."

"మరి పెద్దోడు యాడుండాలె?"

నేను చున్నీ సర్దుకుని సైకిల్ ఎక్కాను. ఇద్దరం వెనక్కి చూశాం. కొంచెం దూరంలో ఒక లారీ వస్తోంది, నిదానంగా. నేను చేయి చాపాను. వెనక ఆయనా చాపి ఉంటాడు, క్యాన్ల చప్పుడు నడిమికి జరిగింది. వంతెన ఎక్కాం. లారీ దగ్గరికొచ్చి గట్టిగా హారన్ కొట్టింది. మళ్ళీ కొట్టింది. అప్పుడు నా వెనక నుంచి, వాగు ఇవతలికీ అవతలికీ వినబడేటట్టు పెద్దమామ గొంతు లేచింది.

"ఎందుకు కొడుతవ్ర హారన్? ముంగట మా కోడలు పోతున్నది, కనవడ్తలేదా?"

ఆ డ్రైవర్‌కు తెలుగు వచ్చో రాదో నాకు తెలియదు. హారన్ మాత్రం ఆగింది. పెద్దమామ గొంతు తగ్గించి నాతో అన్నాడు.

"నువ్వు మెల్లగనే తొక్కు బిడ్డా. మనకేం తొందర?"